38 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు: మా ఊరి ప్రాథమిక పాఠశాల గురించి ఒక తల్లి అభిప్రాయం

2024 జూన్‌లో మేము విజయవాడ వదిలి కోనసీమలోని మా అత్తగారి ఊరికి వచ్చేసినప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసి వచ్చిన విషయం మా పాప బడి. అప్పటికి పాప ఒకటో తరగతి పూర్తి చేసింది. తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని పట్టణం నుంచి పొద్దున్నే బస్సు పంపి పిల్లలను ఎక్కించుకుపోయే ప్రైవేటు బడి ఒకటి, కాలవ గట్టు మీద నడిచి వెళితే ఏడెనిమిది నిమిషాల్లో చేరుకునే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఒకటి మా ముందు ఉన్నాయి. బంధువుల్లో చాలామంది మొదటిదే మేలన్నారు. మేము రెండోదాన్ని ఎంచుకున్నాము. ఇప్పుడు పాప మూడో తరగతి చివరికి వచ్చింది. ఈ రెండేళ్లలో ఆ బడిని మొదట తల్లిగా గుమ్మం బయట నుంచీ, 2024 ఆగస్టు తరువాత పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలిగా లోపలి నుంచీ చూశాను. ఇలాంటి చిన్న బడిలో పిల్లలను వేయాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నవారికి నేను చూసింది ఉపయోగపడవచ్చు. ఊరు చిన్నది, అందరూ అందరికీ తెలిసినవారే కనుక ఊరి పేరు గాని బడి పేరు గాని రాయడం లేదు.

భవనం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రెండు పెద్ద గదులు, ఒక వరండా, వంట షెడ్డు, వెనుక మరుగుదొడ్లు, ఆవరణలో మూడు కొబ్బరి చెట్లు, ఒక నిద్రగన్నేరు చెట్టు ఉన్నాయి. ప్రభుత్వ బడులను బాగుచేసేందుకు 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో బల్లలు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, తాగునీటి యంత్రం వచ్చాయి. గోడల మీద బొమ్మలు బాగానే ఉన్నాయి. అయితే గోడలను చూసి బడిని ఎంచుకోవద్దని నగరంలో మాకు ఎదురైన అనుభవమే నేర్పింది.

విజయవాడలో పాప చదివిన బడికి ఏడాదికి 45 వేల రూపాయలు కట్టాము. ఏసీ గది, రంగురంగుల కుర్చీలు, నెలకొక వేడుక ఉండేవి. ఒకటో తరగతి ముగిసేసరికి పాప ఇరవై దాకా ఇంగ్లిషు పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. తెలుగు వాచకం తెరిస్తే పాఠం మొత్తం గడగడా చదివేది. చదువు వచ్చేసిందని సంబరపడ్డాము. ఆ సంబరం ఈ బడిలో మొదటి వారంలోనే ఆగిపోయింది.

చేర్పించిన నాలుగో రోజున ఒకటి, రెండు తరగతులు చూసే టీచరు గారు నన్ను సాయంత్రం ఒక్క పది నిమిషాలు ఉండమన్నారు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని వాచకంలో ఒక పేజీ తెరిచి చదవమన్నారు. పాప చదివింది. ఆవిడ అరచేత్తో బొమ్మను మూసి, అదే పేజీలో మధ్య నుంచి ఒక మాట చూపించి, "ఇది ఒక్కటే చదువమ్మా" అన్నారు. పాప ఆ మాట కేసి, తరువాత నా ముఖం కేసి చూసి ఊరుకుంది. ఆ మాట "బల్ల". టీచరు గారు పాపను ఒక్క మాట కూడా అనలేదు. "అక్షరాలు వచ్చండి, కలుపుకోవడం రాదు. పేజీని పాటలాగా గుర్తుపెట్టుకుంది. రెండు నెలలు నాకు వదిలేయండి, ఇంట్లో మీరు మాత్రం ఏమీ అప్పజెప్పించకండి" అని నాతో చెప్పారు. అంత ఫీజు పుచ్చుకున్న చోట ఏడాది పొడవునా ఎవరికీ కనబడనిది ఈవిడకు నాలుగు రోజుల్లో కనబడింది.

ఆ తరువాత జరిగింది నేను దగ్గరుండి చూశాను, ఎందుకంటే పాప ఇంటికి రాగానే మా వసారా నేలంతా సుద్దముక్కతో నింపేసేది. టీచరు గారు వర్ణమాలను అ నుంచి ఱ దాకా వరుసగా చెప్పుకుంటూ పోరు. త, ల, వ, ప, క లాంటి నాలుగైదు అక్షరాలు తీసుకుని, వాటితోనే తల, వల, కల, పలక అంటూ పిల్లలతో మాటలు కట్టిస్తారు. కొత్త అక్షరం ఒకటి చేరితే ఎన్ని కొత్త మాటలు పుడతాయో పిల్లలే లెక్కపెట్టుకుంటారు. గుణింతాలు నోటికి రావడంతో సరిపెట్టకుండా, చెప్పిన మాట విని రాయడం, రాసిన మాట పక్కవాడు చదవడం రోజూ జరుగుతుంది.

ఒత్తుల దగ్గర ఆవిడ చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. చాలా అక్షరాలకు ఒత్తు రాయాలంటే తలకట్టు తీసేసి కిందకు దించితే చాలునని, ఆ పోలిక కనబడేలా ముందు అవి రాయించారు. త, న, మ, య, ర, ల మాత్రం కిందకు వెళ్లేటప్పుడు రూపం మార్చుకుంటాయి. ఆ ఆరింటినీ గచ్చు మీద ఒక్కొక్కటి జానెడు ఎత్తున రాసి, "వీళ్లు ఆరుగురూ మేడ దిగేటప్పుడు బట్టలు మార్చుకుంటారు, అందుకని గుర్తుపట్టడం కష్టం" అని చెప్పారట. పాప ఆ మాట పట్టుకుంది. దసరా సెలవులకు ముందు ఒకరోజు వాళ్ల నాయనమ్మ చదువుతున్న పత్రిక లాక్కుని "చంద్రుడు", "పుస్తకం", "అమ్మవారు" అన్న మాటలను వెతికి వేలు పెట్టి చూపిస్తూ, బట్టలు మార్చుకున్నవాళ్లు ముగ్గురు దొరికారని ఇల్లంతా తిరిగి చెప్పింది. టీచరు గారు అడిగిన రెండు నెలలు మూడున్నర నెలలయ్యాయి. అయినా బొమ్మ మూసినా చదవగలిగే పిల్లను ఆవిడ మాకు అప్పగించారు.

లెక్కలు కూడా అదే పద్ధతిలో నడుస్తాయి. కోనసీమలో కొబ్బరి ఈనెలకు కొదవ లేదు కనుక ప్రతి పిల్లా ఇంటి నుంచి వంద ఈనెపుల్లలు విరిచి తెచ్చుకోవాలి. పదేసి పుల్లలను రబ్బరు బ్యాండుతో కట్టలుగా కడతారు. 42లో నుంచి 17 తీసివేయమంటే, ముందు నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టుకుంటారు. రెండు పుల్లల్లో నుంచి ఏడు తీయలేరు. అప్పుడు ఒక కట్ట విప్పుతారు. విడి పుల్లలు పన్నెండు అవుతాయి, ఏడు తీస్తే ఐదు మిగులుతాయి; మిగిలిన మూడు కట్టల్లో నుంచి ఒకటి తీస్తే రెండు కట్టలు, అంటే 25. నా చిన్నతనంలో "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని చెప్పించుకుని, ఆ ఒకటి పది ఎలా అయిందో తెలియకుండానే నేను పదో తరగతి దాటాను. పాపకు ఆ సందేహమే రాలేదు, ఎందుకంటే ఆ కట్ట తన చేతులతో తనే కట్టింది, తనే విప్పింది.

ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు ఎలా నడుస్తాయని అందరూ అడుగుతారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. మా బడిలో 38 మంది. లెక్క ప్రకారం లోటు లేదు. అయితే చట్టం తలలను లెక్కపెడుతుంది, తరగతులను లెక్కపెట్టదు. ఒకటి, రెండు తరగతులు టీచరు గారి గదిలో, మూడు, నాలుగు, ఐదు తరగతులు హెడ్‌మాస్టరు గారి గదిలో కూర్చుంటాయి. ఆయన మూడో తరగతికి పాఠం చెబుతున్నంతసేపూ నాలుగో తరగతి లెక్కలు చేసుకుంటుంది, ఐదో తరగతి చదువుకుంటుంది. ఇది మంచి ఏర్పాటని నేను అనను. ఐదు తరగతులకు ఐదుగురు ఉండాల్సిందే. ఉన్నంతలో హెడ్‌మాస్టరు గారు దాన్ని నడిపిస్తున్న తీరు మాత్రం మెచ్చుకోదగినది. పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి రోజుకొక గంట వేరే గుంపులుగా కూర్చోబెడతారు. ఐదో తరగతి చదువుతూ వాక్యం దగ్గర తడబడే అబ్బాయి మూడో తరగతి వాళ్లతో కూర్చున్నా ఎవరూ ఎగతాళి చేయరు, ఎందుకంటే లెక్కల గంటలో అదే అబ్బాయి అందరికీ ఎక్కాలు చెప్పిస్తాడు.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చదివి వినిపించడం శనివారం మధ్యాహ్నాల పని. గోడకు కట్టిన తాడు మీద ఆరవేసిన బట్టల్లాగా బొమ్మల పుస్తకాలు వేలాడుతూ ఉంటాయి. నచ్చినది తీసుకోవచ్చు, ఇంటికి కూడా తీసుకువెళ్లవచ్చు, తిరిగి తెచ్చాక అందులో ఏముందో ఒక్క వాక్యం చెప్పాలి. చిరిగిన పుస్తకం తెస్తే కోప్పడకుండా అన్నం మెతుకులు ఇచ్చి అతికించమంటారు.

హెడ్‌మాస్టరు గారి గురించి ఇంకొక మాట చెప్పాలి. ప్రార్థన సమయంలో దేశమంతటా పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను మొదట తెలుగులో రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారని, 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుండగా రాశారని ఆయన పిల్లలకు చెప్పారు. అక్కడితో ఆగకుండా అందులోని ఒక్కొక్క మాటకు అర్థం ఏమిటో వారానికొకటి చొప్పున అడిగి, జవాబును పిల్లల మాటల్లోనే రాయించారు. రోజూ చెయ్యి చాపి చెప్పే వాక్యాలకు అర్థం ఉంటుందని మా పాపకు అప్పుడే తెలిసింది, నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే ఆ ఆలోచన వచ్చింది.

ఇక మధ్యాహ్న భోజనం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు వల్ల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన అన్నం పెట్టడం తప్పనిసరి అయింది. మన రాష్ట్రంలో ఆ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఈ నేల మనిషే. లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టిన ఇల్లాలు. గోదావరి దాటి వచ్చే బాటసారులకు ఆవిడ ఇల్లే అన్నపు చావిడి అని మా అత్తగారు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగారు కనుక, ఆ పేరు మీద పెట్టే అన్నం ఎలా ఉందో కమిటీ సభ్యులు వంతులవారీగా వెళ్లి రుచి చూడాలన్నప్పుడు నాకన్నా ముందు ఆవిడే బయలుదేరారు. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు పూటకు వంద గ్రాముల బియ్యం లెక్క. వారానికి ఐదు రోజులు కోడిగుడ్డు, కొన్ని రోజులు రాగి జావ, కొన్ని రోజులు వేరుశనగ చిక్కీ ఇస్తారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి. అంతకు ముందు అన్నం ముద్దగా ఉందని పళ్లెంలో వదిలేసే పిల్లలు ఇప్పుడు మారు వడ్డించుకుంటున్నారు.

వంట చేసే ఆవిడను పిల్లలంతా మామ్మ అని పిలుస్తారు. ఆవిడ దగ్గర నేను గమనించిన సంగతి ఒకటుంది. గుడ్లు ఉడికాక పెంకు తీసి పెట్టకుండా పెంకుతోనే పిల్లల చేతికి ఇస్తారు. కారణం అడిగితే, "పెంకు తీస్తే గుడ్డు చితికిందో, సగమే ఉందో అని అనుమానం వస్తుందమ్మా. పెంకుతో ఇస్తే ఎవరి గుడ్డు వారిదే, పూర్తిగా అందిందని ఆ తల్లికీ తెలుస్తుంది" అన్నారు. ఒకటో తరగతి పిల్లలకు పెంకు వలవడం రాకపోతే నాలుగో తరగతి పిల్లలు వలిచి ఇస్తారు. పప్పులో ఉప్పు ఒక్కొక్క రోజు ఎక్కువవుతుంది, సాంబారులో ములక్కాడలు తప్ప ఇంకేమీ కనబడని రోజులూ ఉన్నాయి. ఆ సంగతి చెబితే ఆవిడ నొచ్చుకోరు, మరునాడు సరిచేస్తారు.

లోపాలు దాచి రాస్తే ఇది సమీక్ష కాదు. అన్నిటికన్నా పెద్ద లోపం ఉపాధ్యాయుల సమయం. హాజరు, భోజనం, గుడ్లు, అన్నీ ఫోన్‌లో నమోదు చేయాలి. సిగ్నల్ సరిగా అందని మా ఊళ్లో హెడ్‌మాస్టరు గారు ఫోన్ పట్టుకుని గట్టు మీదకు వెళ్లి నిలబడవలసి వస్తుంది. ఆ సేపు మూడు తరగతులు తమంతట తాము కూర్చుంటాయి. శిక్షణకు ఒకరు వెళ్లినా, సెలవు మీద ఒకరు ఉన్నా, 38 మందికీ ఒక్కరే మిగులుతారు. గత నవంబరులో టీచరు గారు దాదాపు మూడు వారాలు బడికి రాలేకపోయారు. ఆ మూడు వారాల్లో రెండో తరగతి పిల్లల నోటుపుస్తకాల్లో దిద్దిన గుర్తు ఒక్కటి లేదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఉపాధ్యాయులకు వేరే పని అప్పగించరాదని విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. చట్టం తెరిచి చూసిన తరువాత కమిటీ తరఫున వినతిపత్రం రాశాము. కొంతకాలం పక్క బడి నుంచి వారానికి రెండు రోజులు ఒక ఉపాధ్యాయుడిని పంపారు, తరువాత అదీ ఆగిపోయింది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఇంత బాగా చెప్పగలిగిన ఇద్దరి చేత చెప్పించుకోలేకపోవడం పిల్లలకు జరుగుతున్న అన్యాయం.

రెండో లోపం ఇంగ్లిషు. పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటాయి. ఇది మంచి ఏర్పాటే. పాప సైన్సు పాఠంలో వేరు, కాండం, ఆకు గురించి తెలుగులో అర్థం చేసుకుని, అవే మాటలను పక్క పేజీలో వెతుక్కుంటుంది. అయితే ఇంగ్లిషులో మాట్లాడే అలవాటు మాత్రం ఈ బడిలో రాదు. అది ముఖ్యమనుకునేవారు ఇంట్లో కొంత శ్రమ పడాలి. మేము రాత్రి భోజనాల తరువాత ఒక అరగంట చిన్న కథల పుస్తకం ఇంగ్లిషులో కలిసి చదువుతున్నాము. తెలుగులో చదవడం కుదిరిన పిల్లకు రెండో లిపి తేలికగా వచ్చిందని మా అనుభవం.

ప్రహరీ గోడ కాలవ వైపు సగమే ఉంది. మిగతా సగానికి తడిక కట్టించాము కాని, వానాకాలంలో అది చాలదు. ఆగస్టులో వరద నీరు ఆవరణలోకి వచ్చినప్పుడు రెండేళ్లూ వారం రోజుల చొప్పున బడి మూసేశారు. ఆటస్థలం పేరుకే ఉంది, వానలు వెనకబట్టాక తప్ప అక్కడ పరిగెత్తలేరు. బడి ఇచ్చే బూట్లు పాపకు ఒక సైజు చిన్నవి వచ్చాయి. టీచరు గారు పిల్లల పాదాలు కాగితం మీద గీయించి, వాళ్లలో వాళ్లకు మార్చి సరిపెట్టారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మా బడికి ఆ రోజు తల్లులే కాకుండా, కొబ్బరి దింపులకు వెళ్లే తండ్రులు, చెరువుల మీద పనిచేసే తండ్రులు కూడా కూలి మానుకుని వచ్చారు. వారిలో కొందరు బడి గడప తొక్కడం అదే మొదటిసారి. టీచరు గారు ఒక్కొక్కరికీ ప్రగతి పత్రం ఇచ్చి ఊరుకోకుండా, వాళ్ల బిడ్డ చేత వాళ్ల ఎదుటే నాలుగు వాక్యాలు చదివించారు. ఒక తండ్రి, కూతురు చదువుతుంటే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడి విన్నాడు. చదవడం అయ్యాక, "అర్థమైందా బాబూ?" అని టీచరు గారు అడిగితే, "ఆయ్, అర్థమైందండి, ఇంకోసారి చదవమనండి" అన్నాడు.

ఈ బడికి నేను ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి ఉపాధ్యాయులది కాదు, వారి సంఖ్యది. ఐదు తరగతులకు ఐదుగురు ఉండే బడి నడక దూరంలో ఉంటే దాన్నే ఎంచుకోమంటాను. లేనప్పుడు, గంటన్నర బస్సు ప్రయాణం చేయించి పిల్లను అలసిపోయేలా చేసేకన్నా ఇలాంటి చిన్న బడి ఎన్నో రెట్లు నయం. చేర్చే ముందు ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్లి వెనుక బల్ల మీద ఒక గంట కూర్చోనివ్వమని అడగండి. పిల్లల నోటుపుస్తకాలు తీసి, ఎర్ర సిరా ఎంత దూరం వచ్చిందో, దిద్దిన తప్పును పిల్ల మళ్లీ రాసిందో లేదో చూడండి. ఏదో ఒక పిల్లను పిలిచి, బొమ్మ మూసి ఒక మాట చదివించండి. జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదని చట్టం చెబుతుంది కనుక, కాగితాల కోసం ఆగి పిల్లల సమయం పోగొట్టకండి. పాఠశాల కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలే ఉండాలి. పిలిస్తే వెళ్లండి, తడికైనా గోడైనా కాగితమైనా మన పట్టుదల మీదే కదులుతుంది.

మా చిన్నవాడు ఇప్పుడు బడి పక్కనే ఉన్న అంగన్‌వాడీకి వెళుతున్నాడు. వచ్చే జూన్‌లో వాడిని కూడా ఈ బడిలోనే ఒకటో తరగతిలో చేరుస్తున్నాము. వాడి కోసం పాప ఈనెపుల్లలు విరిచి, పదేసి చొప్పున పది కట్టలు కట్టి, బీరువా మీద పెట్టి ఉంచింది.